కిష్టారెడ్డిపేటలో పొద్దు గూకని పండుగ

మా అపార్ట్‌మెంట్ కమ్యూనిటీ హాలు గురించి జరిగినన్ని తగాదాలు పొలం గట్ల గురించి కూడా జరిగి ఉండవు. సీమంతానికి ఒక కిరాయి, బారసాలకు ఇంకో కిరాయి, రిటైరైనవాళ్ళ సన్మానాలకు మాత్రం ఉచితం. అలాంటి హాలును స్వీడన్ వాళ్ళ పండుగకు ఇద్దామని నేను వాట్సాప్ గ్రూపులో పెట్టేసరికి, ఎప్పుడూ ఆగని గుడ్ మార్నింగ్ బొమ్మలు కూడా ఆగిపోయాయి. తర్వాత సెక్రటరీగారు ఫోన్ చేసి, ఇది ఏ దేవుడి పండుగమ్మా అని మెల్లగా ఆరా తీశారు. సూర్యుడిదండీ అన్నాను. అయితే అభ్యంతరం ఉండదులెండి అన్నారు.

పండుగ మూడో అంతస్తులో ఉండే స్వీడన్ ఆవిడది. భర్త పటాన్‌చెరు దాటాక ఉన్న ఒక ఫ్యాక్టరీలో ఇంజనీరు. పొద్దున్నే కారెక్కితే మళ్ళీ పిల్ల పడుకున్నాకే ఇల్లు చేరేవాడు. ఆవిడను అందరం మేడమ్ అనేవాళ్ళం. ఆవిడకు తెలుగులో కూరగాయల పేర్లు, అంకెలు, ‘చాలు’ అనే మాట వచ్చు. మిగతాదంతా ఇంగ్లీషు.

కూతురు మాత్రం అలా కాదు. మూడేళ్ళప్పుడు వచ్చింది, ఇప్పుడు ఎనిమిది. తెల్లటి జుట్టు, ఎండకు కమిలిన ముక్కు, నోరు తెరిస్తే అచ్చం పటాన్‌చెరు. లిఫ్టులో నన్ను చూసి, “ఆంటీ, జెర మూడు నొక్కురి, నా చేతులకు మన్నున్నది” అంటే, కొత్తగా కిరాయికి దిగినవాళ్ళు ఉలిక్కిపడి తల తిప్పేవాళ్ళు. నాకైతే ఆ పిల్లను చూస్తే తెగ ముద్దొచ్చేది.

ఏడాది కిందట సెల్లార్‌లో ఆడుకునే పిల్లలు ఈ పిల్ల తల్లి భాషను ఎక్కిరించారు. తల్లి బాల్కనీలోంచి పిలిచిన పిలుపును పట్టుకుని అందరూ కలిసి వంకర్లు తిప్పారు. పెద్ద సంగతేం కాదు, పిల్లల ఎకసెక్కాలు. కానీ ఆ రోజు నుంచి ఈ పిల్ల ఇంట్లో కూడా ఆ భాష మానేసింది. తల్లి స్వీడిష్‌లో అడిగితే ఇంగ్లీషులో జవాబిచ్చేది, కోపం వస్తే తెలుగులో.

ఆ బాధేమిటో నాకు ఒకరు చెప్పక్కర్లేదు. మా నాన్న గోదావరి పక్క నుంచి ఇక్కడి ప్రభుత్వ ఫ్యాక్టరీలో ఉద్యోగానికి వచ్చాడు. నేను క్వార్టర్స్‌లో పెరిగాను. బళ్ళో ‘అండీ’ అంటే చాలు, నెలల తరబడి ఏడిపించేవాళ్ళు. దాంతో రెండు మాటతీరులు నేర్చుకున్నాను. గుమ్మం దగ్గర చెప్పులు విడిచినట్టు బయటి తీరు బయటే విడిచి ఇంట్లోకి వెళ్ళేదాన్ని. అమ్మ దగ్గర ఇప్పటికీ అంతే. అయితే నావి రెండూ తెలుగులే కదా. మా అమ్మకు నేను అర్థం కాకుండా పోయే ప్రమాదం ఎప్పుడూ లేదు.

ఒక రోజు నేను పనిచేసే బడి నుంచి వచ్చి టీ పెట్టుకుంటుంటే మేడమ్ ఫోన్ పట్టుకుని వచ్చింది. పిల్ల నిద్రలో కలవరించిందట. పక్కన కూర్చుని ఎంతసేపు విన్నా అర్థం కాలేదట. రికార్డు చేసి తెచ్చింది, దీనర్థం చెప్పమంది. చెవి దగ్గర పెట్టుకుని విన్నాను. “ఇగ నా బారి, నువ్వు జరుగు” అంటోంది పిల్ల. ఆటలో తన వంతు వచ్చిందని ఎవరితోనో పోట్లాడుతోంది, అంతే. చెప్పగానే ఆవిడ గట్టిగా నవ్వింది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. తన కడుపున పుట్టిన పిల్ల నిద్రలో ఏమంటోందో పక్కింటామెను అడిగి తెలుసుకోవలసి వచ్చిందని అంది. టీ ఇచ్చాను.

పండుగ ఆలోచన ఆ టీ దగ్గరే పుట్టింది. ఆవిడ ఊరు స్వీడన్‌కు ఉత్తరపు కొసన ఉంది. జూన్ నెలలో అక్కడ పొద్దు గూకదు. ఆ రోజుల్లో ఊరంతా కలిసి గడ్డి మైదానంలో ఒక గుంజ పాతి, దానికి ఆకులు, పూలు చుట్టి, రెండు పూల చక్రాలు వేలాడదీసి, చుట్టూ తిరుగుతూ పాడతారు. గుంజ లేచాక మొదటి పాటను ఆవిడ ఇంటి చిన్నపిల్ల అందుకోవాలి. అది వాళ్ళ ఊరి ఆనవాయితీ. కోకిలను, కోసిన గడ్డిని, వెళ్ళిపోకుండా నిలబడిన వెలుగును తలుచుకునే పాట. ఆవిడ ఆ వయసులో పాడింది, వాళ్ళమ్మ పాడింది, ఆమె తల్లీ పాడింది. ఈ ఏడు ఈ పిల్ల అందుకోవాలి. అందుకోకపోతే ఆ భాష తనతోనే ఆగిపోతుందని ఆవిడ భయం. ఆ మాట ఆవిడ దాచుకోలేదు.

పిల్లను అడిగితే ఒకటే జవాబు.

“నేను పాడ, పో.”

సరే, పండుగ పనులు మొదలుపెడితే పిల్ల తనంతట తనే మెత్తబడుతుందేమో అనుకున్నాం. చుట్టుపక్కల కంపెనీల్లో పనిచేసే నార్వే వాళ్ళు, ఫిన్లాండ్ వాళ్ళు రెండు కుటుంబాలు ఉన్నాయి, వాళ్ళనూ పిలిచాం. వంట మా అమ్మ చేతిలోకి పోయింది. వాళ్ళు ఆ రోజు సిర్కాలో, అంటే వెనిగర్‌లో, ఊరబెట్టిన చేప తింటారని తెలియగానే అమ్మకు ప్రాణం లేచొచ్చింది. ఈ అపార్ట్‌మెంట్‌లో ఎండుచేప వేయించినప్పుడల్లా కిటికీలు మూసిన ఇరుగుపొరుగు మీద ఆమెకు పాత కక్ష ఉంది. ఎలాగూ మృగశిర కార్తె, ఇక్కడ అందరూ చేప కోసం ఎగబడే రోజులే. మేడమ్ చక్కెర వేయమంటే అమ్మ మూతి ముడిచింది, వేసింది, రుచి చూసింది. మర్నాడు గిన్నె కాస్త తగ్గి ఉంది.

బంగాళాదుంపల్లోకి వాళ్ళకు ఒక ఆకు కావాలి. ఇండియాలో దొరకదని మేడమ్ దిగులుపడుతుంటే అంగడికి తీసుకెళ్ళాను. ఒక ముసలామె గోనెపట్టా మీద కొత్తిమీర పక్కనే కట్టలు కట్టలుగా సోయకూర పెట్టుకుని కూర్చుంది. మేడమ్ ఒక కట్ట తీసి ముక్కుకు ఆనించుకుని అక్కడే నిలబడిపోయింది. ఇన్నేళ్ళుగా ఆ ఆకు పక్కనుంచే నడిచి వెళ్ళిందట. స్ట్రాబెర్రీలకు మాత్రం కాలం కాదు. కేకు మీద మీగడ వేసి నేరేడు పళ్ళు పెట్టాం. తిన్నవాళ్ళ నాలుకలన్నీ ఊదా రంగు.

నేను డ్రాయింగ్ టీచర్ని కాబట్టి బొమ్మల పని నాది. ఆ దేశంలో ఎర్ర రంగు చెక్కగుర్రాలుంటాయి, ఒంటి మీద పూల తీగలతో. కార్పెంటర్ షెడ్డులో కోయించిన గుర్రాలను అపార్ట్‌మెంట్ పిల్లలకు ఇచ్చి రంగులు వేయమన్నాను. నమూనా చూసి వేయండని మొత్తుకున్నాను. విన్నారా? ఒకడు గుర్రానికి బొట్టు పెట్టాడు, ఇంకొకతి జడ వేసింది. నాకు ఒళ్ళు మండింది. మేడమ్ మాత్రం జడగుర్రాన్ని తీసుకెళ్ళి తన టీవీ పక్కన పెట్టుకుంది.

గుంజకు నీలగిరి కర్ర తెచ్చాం. చక్రాలు వెదురుతో మేదరివాళ్ళు అల్లి ఇచ్చారు. పాటకు వయొలిన్ కావాలంటే, రెండో అంతస్తులో చర్చి క్వయర్ నడిపే రిటైర్డ్ మాస్టారు ఉన్నారు. మేడమ్ ఫోన్‌లో వినిపించిన బాణీని ఆయన ఒక్కసారి విని కళ్ళు మూసుకుని వాయించేశారు. ఇలాంటి బాణీలు చిన్నప్పటి నుంచి చర్చిలో పాడుతూనే ఉన్నామమ్మా, ఎక్కడివో ఎవరూ అడగలేదు అన్నారు.

ఇక పూల సంగతి. అక్కడే, మేమంతా పెద్దమ్మ అని పిలిచే ముసలామె రంగంలోకి దిగింది. ఇప్పుడు మా అపార్ట్‌మెంట్ ఉన్న నేల ఒకప్పుడు ఆమె జొన్నచేను. ఫ్లాట్లు వచ్చాయి గానీ మెట్ల మీద కూర్చునే అలవాటు పోలేదు. చుట్టుపక్కల బతుకమ్మ పేర్చాలంటే ముందు ఆమెనే పిలుస్తారు. పొద్దుకు చేసే పండుగ అని వినగానే, గది మన పండుగే గదా, పొద్దు అందరిది గాదా అని, కొంగు బిగించి ఆడవాళ్ళందరినీ కూడగట్టింది. బంతి, గన్నేరు, నందివర్ధనం, కాగితం పూలు. మామిడాకులు, వేపమండలు కర్రకు చుట్టారు. చక్రాలను పూలతో కుడుతున్నప్పుడు వాళ్ళ వేళ్ళను చూస్తూ కూర్చున్నాను. ఇరవై ఏళ్ళుగా బొమ్మలు గీయడం నేర్పుతున్నాను, రంగు పక్కన రంగు అంత ధీమాగా పెట్టడం నాకింకా రాలేదు.

పండుగ రోజు మధ్యాహ్నం వాన దంచింది. అందరం హాల్లో ఇరుక్కున్నాం. కరెంటు ఉండగానే సినిమా వేసేద్దామని కర్టెన్లు మూశాం. మేడమ్ తమ్ముడు వాళ్ళ ఊరి సరస్సు ఒడ్డున స్టాండు మీద కెమెరా పెట్టి, సాయంత్రం నుంచి తెల్లవారేదాకా తీసిన సినిమా అది. తెల్లవారేదాకా అనడం మన అలవాటు. అక్కడ తెల్లవారడానికి చీకటి పడితే కదా. గంటలన్నీ కుదించి కాసేపటి సినిమా చేశాడు.

తెర మీద సూర్యుడు మెల్లగా దిగుతున్నాడు. సరస్సు బంగారు రంగైంది. నీటి అంచు దగ్గరికి వచ్చాడు. ఇక ములుగుతాడని హాలంతా అనుకుంది, నేనూ అనుకున్నాను. ములగలేదు. ఆ అంచు మీదే పక్కకు జరుగుతూ జరుగుతూ పోయి, మళ్ళీ పైకి లేవడం మొదలుపెట్టాడు. రెండు కొండల మధ్య సగం సూర్యుడి బొమ్మను ఎన్ని వందల పిల్లల చేత గీయించి ఉంటాను. సూర్యుడంటే నాకు తెలుసనుకున్నాను. ఏమీ తెలియదు. కళ్ళ వెంట నీళ్ళు కారాయి, తుడుచుకోవాలని కూడా తోచలేదు.

లైట్లు వేశాక అందరూ ఒకేసారి మాట్లాడారు. కింద టైలరింగ్ చేసే ఖాలా, అక్కడివాళ్ళు రంజాన్ రోజా ఎప్పుడు విడుస్తారని అడిగింది. వేరే ఊరి గడియారం చూసి విడుస్తారని మేడమ్ చెప్పింది. మా నాన్నతో పనిచేసిన ఒకాయన, మరి నైట్ షిఫ్ట్ అని దేన్నంటారని అడిగాడు. పెద్దమ్మ మాత్రం ఖాళీ తెరనే చూస్తూ అడిగింది.

“పొద్దు గూకకుంటె బర్రెలు ఇంటికెప్పుడొస్తయ్ బిడ్డా?”

అది ఇంగ్లీషులో చెబితే మేడమ్ నవ్వలేదు. తమ నాయనమ్మ కూడా ఆవుల గురించి చెబుతుండేదట. పొదుగులు నిండినప్పుడు వచ్చేస్తాయట, వాటికి పొద్దుతో పని లేదట. పెద్దమ్మ తృప్తిగా తలూపింది.

వాన వెలిశాక గుంజ లేపాం. వాచ్‌మన్, మేడమ్ భర్త, ఫిన్లాండ్ ఆయన, ఇంకా నలుగురు తాళ్ళు పట్టారు. తడిసిన ఆకులతో ఆ కర్ర కొంచెం కొంచెంగా లేచి, మొదటి అంతస్తు బాల్కనీల దాకా వెళ్ళి నిటారుగా నిలబడింది. రెండు వైపులా పూల చక్రాలు ఊగాయి. ఎవరో చప్పట్లు కొట్టబోయి ఆగిపోయారు. మాస్టారు వయొలిన్ భుజానికి ఎత్తుకున్నారు. అందరం పిల్ల వైపు చూశాం.

పిల్ల తన దోస్తుల మధ్య నిలబడి, పెదాలు బిగించి, నేల చూపులు చూస్తోంది. మాస్టారు మొదటి వరుస రెండుసార్లు వాయించి ఎదురుచూశారు. పిల్ల తల అడ్డంగా ఊపింది. తల్లి బలవంతపెట్టలేదు. తనే పాట అందుకుంది. గొంతు బాగానే ఉంది. ముఖం మాత్రం చూడలేకపోయాను.

తర్వాత వలయం కట్టాం. ఆ దేశాల వాళ్ళు చేతులు పట్టుకుని తిరుగుతారు. మావాళ్ళు పూలు కనబడితే వంగి చప్పట్లు కొడతారు, కాళ్ళు వాటంతటవే ఆ అడుగు వేస్తాయి. మొదట్లో అంతా గందరగోళం. నార్వే ఆయన చెయ్యి చాపితే ఖాలా చప్పట కొట్టింది. కాసేపటికి వాళ్ళే చేతులు వదిలేసి వంగడం మొదలుపెట్టారు. ఆ ఎత్తు మనుషులు నడుం వంచి, తలలు ఊపుతూ, తడి సిమెంటు మీద చప్పట్లు చరుస్తూ తిరుగుతుంటే నాకు నవ్వు రావలసింది, రాలేదు. ఎవరూ ఎవరికీ నేర్పలేదు. ఎక్కడి గుంజ, ఎక్కడి అడుగు! పక్కింటి బాల్కనీల్లో జనం ఫోన్లు దించేసి ఊరికే చూస్తున్నారు. అంత మంది మధ్య పిల్ల ఒక్కతే నోరు మూసుకుని తిరిగింది.

తిన్నాం. చేప గిన్నె ముందు ఖాళీ అయింది, మా అమ్మ ఆ సంగతి అందరికీ వినబడేలా చెప్పింది. దూరం వెళ్ళాల్సినవాళ్ళు బయల్దేరారు. మేడమ్ గిన్నెలు తీసుకుని పైకి వెళ్ళింది. పొద్దు వాలుతుంటే పెద్దమ్మ గుంజ దగ్గరికి వెళ్ళి పూలను ముట్టుకుని చూసింది. వాడుతున్నాయి. ఆమె వాచ్‌మన్‌ను నిచ్చెన తెమ్మంది. రెండు చక్రాలూ దింపించింది, ఆకుల దండ విప్పించింది. ఆడవాళ్ళు చక్రాలను తలల మీద పెట్టుకున్నారు, పిల్లలు ఆకులు ఎత్తుకున్నారు. అందరూ చెరువు వైపు నడిచారు.

విచిత్రమేమిటంటే, నేను అక్కడే బల్లలు తుడుస్తూ ఇదంతా చూశాను. నాకు ఏ తప్పూ తోచలేదు. పూలు కట్టాం, చుట్టూ ఆడాం, పాడాం, ఇక నీళ్ళలో సాగనంపాలి. ఇక్కడ పెరిగినదాన్ని, అంతకన్నా వేరే ఏముంటుంది?

లిఫ్టు తెరుచుకుంది. మేడమ్ బయటికి వచ్చి, బోసిపోయిన కర్రను చూసి నిలబడిపోయింది. ఎవరు పీకేశారని అడిగింది. అప్పుడు తెలిసింది నాకు. వాళ్ళ ఊళ్ళో ఆ గుంజను ఎవరూ దింపరు. పూలు ఎండి, ఆకులు రాలి, మంచు కురిసినా అది అలాగే నిలబడి ఉంటుంది, మరుసటి ఏడాది కొత్త ఆకులు చుట్టేదాకా. పాట అందుకోని పిల్ల, నిలబడని గుంజ. ఆవిడ మెట్టు మీద కూలబడింది. ఇది పాడుచేయడం కాదు, సాగనంపడం అని నేను ఇంగ్లీషులో ఎంత చెప్పినా నా ఇంగ్లీషు చాలలేదు. చివరికి స్కూటీ మీద ఎక్కించుకుని చెరువుకు తీసుకెళ్ళాను.

అక్కడ ఎవరూ నీళ్ళలో దిగలేదు. పూలు ఇంకా తలల మీదే ఉన్నాయి. ఏదో చర్చ నడుస్తోంది. మేడమ్‌ను చూడగానే పెద్దమ్మ ఎదురొచ్చి చెయ్యి పట్టుకుంది.

“మన పాట దీనికి నప్పదు. దేని పాట దానికే పాడాలె. నీ పండుగ బిడ్డా, నువ్వు పాడితెనే మేం నీళ్ళల్ల ఇడుస్తం.”

ఆ మాట చెప్పాను. మేడమ్ అందరి ముఖాలూ చూసింది. తల మీద బరువు మోస్తూ, చెమటలు కారుతూ, తన పాట కోసం నిలబడి ఉన్న ఆడవాళ్ళను చూసింది. కోపం పోయింది. పాడబోయింది. రెండు మాటలు వచ్చాయి, ఏడుపు అడ్డొచ్చింది. మళ్ళీ ప్రయత్నించింది, రాలేదు. చేత్తో నోరు మూసుకుని తల అడ్డంగా ఊపింది.

పిల్ల చీలమండల దాకా బురదలో, గుర్రపుడెక్క మొక్కల పక్కన నిలబడి ఉంది. పెద్దమ్మ వైపు తిరిగింది.

“అమ్మ పాడకుంటె పూలు గిట్లనే ఉంటయా?”

“పాట లేకుంటె ఎట్ల పంపుతం? ఉంటయ్ ఇగ.”

పిల్ల పూల వైపు చూసింది, తల్లి వైపు చూసింది. తర్వాత చేతిలోని వేపమండలు స్నేహితురాలికి ఇచ్చి, చప్పట కొట్టి, పాట అందుకుంది.

సన్నటి గొంతు. ఆ మాటలు ఏడాదిగా ఆ నోట్లో లేవు. మొదటి వరుస బెరుకుగా, రెండోది కాస్త గట్టిగా. బతుకమ్మకు వేసినట్టే చప్పట్లు వేస్తోంది. పక్కనున్న పిల్లలు, ఒకప్పుడు ఆ భాషను ఎక్కిరించిన పిల్లలే, ఆ చప్పట్లకు చప్పట్లు కలిపారు. ఒక్కరూ నవ్వలేదు. ఆడవాళ్ళు నీళ్ళలోకి దిగి చక్రాలను వదిలారు. ఆకాశం అంత ఎర్రగా ఉండడం నేను చాలాసార్లు చూశాను. ఆ రోజు మాత్రం దాని వైపు చూడలేదు. పిల్లనే చూస్తున్నాను.

సగం పాటలో పిల్ల ఆగిపోయింది. పెదాలు కదిలాయి, మాట దొరకలేదు. చప్పట్లు ఆగాయి. అందరం చూస్తుండగా పిల్ల తల్లి వైపు తిరిగి ఏదో అడిగింది. ఇంగ్లీషు కాదు, తెలుగూ కాదు. నాకు ఆ భాష ఒక్క ముక్క రాదు. అయినా ఆ ప్రశ్న అర్థమైంది, పెద్దమ్మకు కూడా అర్థమైంది. తర్వాత ఏముందమ్మా అని అడిగింది పిల్ల.

తల్లి చెప్పులు కూడా విడవకుండా నీళ్ళలోకి దిగి, పిల్ల పక్కన వంగి, తర్వాతి మాట అందించింది.